చూపు బాగున్నప్పుడే చూపించాలి: ఒడిశా సరిహద్దు ఊళ్లలో సుగర్ ఉన్నవాళ్ల రెటీనా కోసం మార్గదర్శి

“నాకేటి బాబూ, సూపు బాగానే ఉంది. అద్దాలు మార్సేస్తే సాలు.”

పర్లాకిమిడి చుట్టుపక్కల ఊళ్లలో కంటి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. ఈ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంటుంది. ఇలా అన్న ఒక పెద్దాయనకు అప్పటికి పదకొండేళ్లుగా సుగర్. ఎడమ కన్ను మూసి చార్టు చదవమంటే గబగబా చదివేశాడు. కుడి కన్ను మూయించగానే ఆగిపోయి, “లైటు తీసీసారేటి?” అన్నాడు. ఎడమ కంటి చూపు ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. రెండు కళ్లూ తెరిచి ఉన్నంతకాలం బాగున్న కన్ను రెండోదాని పని కూడా చేసిపెడుతుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారలేదు. మరి ఎలా తెలుస్తుంది?

ఇది డాక్టర్లకు చెప్పేది కాదు, నేను డాక్టర్ని కాను. ఇంట్లో సుగర్ మనిషి ఉన్నవాళ్లకూ, ఊళ్లో ఆశా దీదీలకూ, మందుల షాపు దగ్గర పదిమందికి సలహా చెప్పేవాళ్లకూ రాస్తున్నాను. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో మనవాళ్లు వైద్యం కోసం ఒకసారి ఒడిశా వైపు, ఇంకోసారి ఆంధ్రా వైపు తిరుగుతుంటారు. ఆ తిరుగుడులో చాలా కళ్లు జారిపోతున్నాయి.

ముందు మాటల చిక్కు తేల్చుకోండి

ఒడియాలో శుక్లాన్ని ‘పరళ’ అంటారు, మోతియాబిందు అని కూడా అంటారు. రెటీనాను మామూలు మాటల్లో ‘పరదా’ అంటారు. మన తెలుగులో శుక్లాన్ని ‘పొర’ అంటాం. ఇప్పుడు బరంపురంలో డాక్టరు “ఆఖిర పరదా ఖరాబ్” అంటే మన మామ్మ ఏమనుకుంటుంది? పొర వచ్చింది, ముదిరాక తీయించుకుందాం అనుకుని ఇంటికి వచ్చేస్తుంది. శుక్లం కొన్నాళ్లు ఆగుతుంది. ముదిరిన రెటీనా జబ్బు ఆగదు. అందుకే డాక్టరు గదిలోంచి బయటికి వచ్చేముందు ఒకటే అడగండి: “ముందున్న లెన్సుదా, వెనకున్న రెటీనాదా?” చీటీ మీద ఆ మాట రాయించుకోండి.

రెటీనా అంటే కనుగుడ్డు లోపలి వెనక గోడకు పరుచుకుని ఉన్న పల్చటి నరాల పొర. దాని నడిమి భాగం మాక్యులా. చదవడం, ముఖాలు పోల్చడం, సూదిలో దారం ఎక్కించడం దాని పని. ఏళ్ల తరబడి సుగర్ ఎక్కువగా ఉంటే ఇక్కడి సన్న రక్తనాళాల గోడలు వదులై చిన్న బుడిపెల్లా ఉబ్బుతాయి. కొన్ని నాళాలు కారతాయి. ఆ నీరు మాక్యులాలో చేరితే వాపు. కొన్ని మూసుకుపోతాయి. రక్తం అందని రెటీనా వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంది, దాంతో కొత్త నాళాలు మొలుస్తాయి. కొత్తవి కదా, మంచివే అనుకోకండి. అవి నాసిరకం నాళాలు. చిట్లి కంటి లోపల రక్తం నింపుతాయి, ఎండి ముడుచుకుపోతూ రెటీనాను పట్టి లాగేస్తాయి. దీన్నే డయాబెటిక్ రెటీనోపతి అంటారు.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆముదం, తేనె, పసర్లు కంట్లో వేస్తే రెటీనాకు చేరవు. పుండు పడితే నల్లగుడ్డు కూడా పోతుంది. ‘సుగర్ కంటికి డ్రాప్స్’ అని అమ్మేవాళ్లున్నారు. సుగర్ రెటీనాను చుక్కల మందుతో బాగుచేసే వైద్యం లేదు.

ఎవరికి, ఎప్పుడు పరీక్ష

పెద్దయ్యాక వచ్చే సుగర్, అంటే టైప్ 2 అయితే, సుగర్ ఉందని తెలిసిన వెంటనే రెటీనా పరీక్ష చేయించాలి. బయటపడేసరికే అది ఒంట్లో కొన్నేళ్లుగా ఉండి ఉంటుంది కాబట్టి. చిన్న వయసులోనే ఇన్సులిన్ మీద ఉన్న టైప్ 1 వాళ్లకు, జబ్బు తెలిసిన అయిదేళ్లలోపు మొదటి పరీక్ష. ఆ తరవాత ఇద్దరికీ ఏడాదికొకసారి, తేడా కనిపిస్తే ఇంకా తొందరగా.

సుగర్ ఉన్న ఆడపిల్లకు నెల తప్పితే మొదటి మూడు నెలల్లోనే చూపించాలి. గర్భంతో ఉన్నప్పుడు రెటీనా జబ్బు వేగంగా ముదరవచ్చు. కాన్పుకు పుట్టింటికి ఆంధ్రా వైపు పంపే ఆచారం మనది. పాత కంటి కాగితాలు కూడా చీరలతో పాటు పెట్టెలో పెట్టి పంపండి. గర్భం వచ్చాకే కనిపించే సుగరుకు మాత్రం ఈ హడావిడి అక్కర్లేదు.

కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టబోతున్నవాళ్లు, చాలా ఎక్కువగా ఉన్న సుగర్‌ను గబుక్కున దించబోతున్నవాళ్లు ముందే కళ్లు చూపించుకోవాలి. అప్పటికే రెటీనా జబ్బు ఉంటే, సుగర్ హఠాత్తుగా తగ్గినప్పుడు కొన్నాళ్లు అది ఎక్కువ కావచ్చు. దాని గురించి భయపడి ఇన్సులిన్ మానేయకూడదు. దీర్ఘకాలంలో లాభం దానివల్లే. కంటి డాక్టరుకు తెలిసి ఉండాలంతే.

ఇంట్లో చేసుకునే పరీక్ష

నెలకొకసారి, ఒకే తారీఖున. పింఛను అందుకున్న రోజు అని పెట్టుకుంటే మరిచిపోరు. దగ్గరి అద్దాలుంటే పెట్టుకుని, అరచేత్తో ఒక కన్ను నొక్కకుండా పూర్తిగా కప్పాలి. వేళ్ల సందుల్లోంచి చూస్తారు, గమనించండి. గోడ క్యాలెండరు గళ్లు గానీ, కిటికీ ఊచలు గానీ, వంటింటి టైల్స్ గానీ తెరిచిన కంటితో చూడాలి. గీతలు తిన్నగా ఉన్నాయా, వంకర్లు పోతున్నాయా? ఎక్కడైనా గడి మాయమైందా, మసక మచ్చ ఉందా? తరవాత రెండో కన్ను.

గీతలు వంకరగా కనిపిస్తే మాక్యులాలో వాపు ఉండవచ్చు. వారంలోపు చూపించండి. కింది నాలుగింటికి మాత్రం వారం కూడా ఆగకూడదు, ఆ రోజే బయలుదేరాలి:

- ఒక్కసారిగా కళ్ల ముందు నల్లటి నలుసులు, దోమల గుంపులా తేలడం, మసి కురిసినట్టు ఉండడం
- కన్ను మూసినా పక్కల్లో మెరుపులు మెరవడం
- ఒక పక్క నుంచి తెర దించినట్టు చూపు మూసుకుపోవడం
- నొప్పి లేకుండా ఉన్నట్టుండి ఒక కన్ను చీకటి కావడం

చివరిది రెటీనాకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోవడం కావచ్చు. అది కంటికి వచ్చిన పక్షవాతం లాంటిది, గంటల లెక్క. అలాంటప్పుడు కంటి ఆస్పత్రి ఏది మంచిదని వెతుక్కోకుండా, దగ్గర్లో ఉన్న పెద్దాస్పత్రి ఎమర్జెన్సీకే వెళ్లండి. మెదడు, గుండె కూడా చూస్తారు.

ఊళ్లో, సబ్‌సెంటర్లో చేయగలిగింది

చార్టు ఆరు మీటర్ల దూరంలో, మంచి వెలుతురులో. చదువు రానివాళ్లకు, తెలుగూ ఒడియా రెండూ రాక సవర మాత్రమే మాట్లాడేవాళ్లకు, ‘ఈ’ అక్షరం నాలుగు దిక్కులకూ తిప్పి ఉన్న చార్టు వాడండి. కాళ్లు ఎటు ఉన్నాయో చేత్తో చూపిస్తారు. దూరం అద్దాలుంటే వాటితోనే, ఒక్కో కన్ను విడిగా.

చూపు తగ్గిందని తేలితే పిన్‌హోల్ పరీక్ష చేయండి. నల్ల అట్టముక్కకు దాదాపు ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, అందులోంచి అదే చార్టు చదివించాలి. ఇప్పుడు ఇంకో రెండు మూడు వరసలు చదివేస్తే చాలావరకు అద్దాల లోపం. రంధ్రంలోంచి చూసినా మెరుగు కాకపోతే శుక్లమో, రెటీనానో, నరమో. అప్పుడు అద్దాల షాపుకు కాదు, డాక్టరు దగ్గరకు పంపాలి. అయిదు పైసలు ఖర్చు కాని ఈ పరీక్షకు నేనిచ్చే విలువ ఖరీదైన మెషీన్లకు కూడా ఇవ్వను.

కానీ ఒక హెచ్చరిక. 6/6, అంటే చార్టు పూర్తిగా, చదివేసినంత మాత్రాన రెటీనా బాగున్నట్టు కాదు. కొత్త నాళాలు మొలిచి, రేపో మాపో చిట్లబోతున్న కన్ను కూడా కింది వరస దాకా చదివేస్తుంది. సుగర్ ఉంటే, చూపు ఎంత బాగున్నా, లోపలికి చూడాల్సిందే.

చుక్కలు వేసి చూసే పరీక్ష

కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, 20 నుంచి 30 నిమిషాలు కూర్చోబెట్టి, వెనక భాగం చూస్తారు. కొన్ని విజన్ సెంటర్లలో ఫండస్ కెమెరాతో ఫొటో తీసి దూరంగా ఉన్న రెటీనా డాక్టరుకు పంపుతారు. ఏ పద్ధతైనా మంచిదే. ఫొటో రిపోర్టులో ‘స్పష్టంగా లేదు’ అని ఉంటే అది ‘బాగుంది’ అని కాదు. తరచు శుక్లం అడ్డొచ్చి అలా వస్తుంది. డాక్టరు స్వయంగా చూడాలి.

వెళ్లేటప్పుడు ఒక్కరే బండి మీద వెళ్లకండి. చుక్కల మసక నాలుగు నుంచి ఆరు గంటలు ఉంటుంది. నల్లద్దాలో గొడుగో తీసుకెళ్లండి, సాయంత్రం పాసింజరుకు ఎక్కించే మనిషిని వెంట పెట్టుకోండి. గతంలో నీటికాసులు, అంటే గ్లకోమా, ఉందన్నా, చుక్కల తరవాత కన్ను విపరీతంగా నొప్పెట్టి వాంతులైనా వెంటనే చెప్పాలి.

ఉచిత శుక్లం ఆపరేషన్ క్యాంపులకు వెళ్లే సుగర్ మనుషుల గురించి ఒక మాట. మా బంధువుల్లో ఒకావిడకు ఒకచోట శుక్లం తీశారు. రెటీనా ముందు చూడలేదు, తరవాతా చూడలేదు. ‘ఆపరేషన్ ఫెయిలయింది’ అని ఏడాది పాటు వాళ్లనే తిట్టుకుంది. లోపల మాక్యులా వాపు అలాగే ఉండిపోయింది. శుక్లం ఆపరేషన్ తరవాత సుగర్ ఉన్నవాళ్లలో ఈ వాపు పెరగవచ్చు కూడా. అందుకని లెన్సు వేయించుకునే ముందు రెటీనా చూశారా అని అడగండి. శుక్లం మందంగా ఉండి కనిపించకపోతే బీ-స్కాన్, అంటే కంటికి అల్ట్రాసౌండ్, చేస్తారు, ఆపరేషన్ అయ్యాక మళ్లీ చుక్కలు వేసి చూస్తారు.

రిపోర్టు ఎలా చదవాలి, మళ్లీ ఎప్పుడు వెళ్లాలి

కాగితం మీద ‘ఎన్‌పీడీఆర్’ అని ఉంటే కొత్త నాళాలు ఇంకా మొలవలేదని అర్థం. ‘పీడీఆర్’ అంటే మొలిచాయి. ‘డీఎంఈ’ అంటే మాక్యులాలో సుగర్ వాపు. ఇది ఏ దశలోనైనా రావచ్చు. మామూలుగా ఇచ్చే గడువులు ఇవి. మీ డాక్టరు వేరే చెబితే అదే పాటించండి:

- రెటీనోపతి లేదు: ఏడాదికి
- తక్కువ ఎన్‌పీడీఆర్: ఆరు నెలల నుంచి ఏడాదిలోపు
- మధ్యస్థం: మూడు నుంచి ఆరు నెలలకు
- తీవ్రం: మూడు నెలలు దాటకూడదు
- పీడీఆర్, లేదా మాక్యులా నడుమ వాపు: రెటీనా స్పెషలిస్టు దగ్గరకు నెలలోపే

తీవ్రం అని రాసి ఉన్నా చూపు బాగుందని మూడు నెలలను మూడేళ్లు చేసేవాళ్లు కోకొల్లలు. జబ్బు కన్నా ఈ వాయిదాలే ఎక్కువ కళ్లు తీశాయని నా అనుభవం.

ఓసీటీ అనేది వెలుతురుతో తీసే స్కాను. సూది లేదు, నొప్పి లేదు. మాక్యులా మందం మైక్రాన్లలో చెబుతుంది. నడిమి మందం మామూలుగా 250కి అటూ ఇటూ ఉంటుంది, వాపుంటే పెరుగుతుంది. మెషీన్ కంపెనీ మారితే అంకె మారుతుంది. ఒకసారి బరంపురంలో, ఇంకోసారి విశాఖలో తీయించి “40 తగ్గింది, ఇంజక్షన్ పనిచేసింది” అని సంబరపడకండి. వీలైనంతవరకు ఒకేచోట తీయించండి, కలర్ ప్రింట్లు తెచ్చుకోండి. ఫ్లోరెసిన్ యాంజియోగ్రఫీ అంటే చేతి నరంలోకి రంగు మందు ఎక్కించి కంటి ఫొటోలు తీయడం. ఆ రోజు ఒళ్లు పసుపుగా, మూత్రం నారింజ రంగులో ఉంటే కామెర్లనుకుని హడలిపోకండి. ఎలర్జీలు, కిడ్నీ జబ్బు ఉంటే ముందే చెప్పండి.

వైద్యంలో సగం కంటి బయటే

బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం ఫలితాలు 1998లో వచ్చాయి. బీపీని గట్టిగా అదుపులో పెట్టుకున్న సుగర్ పేషెంట్లలో రెటీనా జబ్బు ముదరడం దాదాపు మూడోవంతు తగ్గింది. అంతకుముందు 1993లో అమెరికా, కెనడాల్లో చేసిన డీసీసీటీ అధ్యయనంలో, అప్పటికి రెటీనా జబ్బు లేని టైప్ 1 వాళ్లు సుగర్ బాగా అదుపు చేసుకుంటే కొత్తగా అది వచ్చే ముప్పు 76 శాతం తగ్గింది. బీపీ బిళ్ల కంటికి కూడా మందే అని ఇంట్లో చెప్పండి. ‘తలనొప్పి లేదు కదా’ అని మానేసేవాళ్లు ఆ మాటకైనా వేసుకుంటారు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ చాలామందికి 7 శాతం దగ్గర ఉంచమంటారు. వయసు మళ్లినవాళ్లకు, ఊరికే సుగర్ పడిపోయేవాళ్లకు కాస్త పైన ఉన్నా ఒప్పుకుంటారు. మన ప్రాంతంలో దీనికో మెలిక ఉంది. రాయగడ, కోరాపుట్, గజపతి కొండ ఊళ్లలో సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్నవాళ్లు, రక్తహీనత ఉన్నవాళ్లు ఎక్కువ. ఎర్ర రక్తకణాల తేడాలుంటే ఈ పరీక్ష తప్పు అంకె చూపించవచ్చు. రిపోర్టు 6 అని చెబుతుంటే, గ్లూకోమీటరు రోజూ 280 చూపిస్తుంటే మీటరును తిట్టకుండా డాక్టరుకు రెండూ చూపించండి. రక్తహీనత, కిడ్నీ జబ్బు రెండూ రెటీనాను ఇంకా దెబ్బతీస్తాయి. కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, రక్తహీనత చెప్పే హీమోగ్లోబిన్ ఏడాదికొకసారైనా చూసుకోవాలి.

తిండి గురించి పెద్ద ఉపన్యాసం ఇవ్వను. పొద్దున్నే పెద్ద గిన్నెడు చద్దన్నం, ఒడియా వాళ్లింట్లో అయితే పఖాళ, పులిసినా అది అన్నమే. చోడి అంబలి మంచిదే గానీ, చెంబులకు చెంబులు తాగితే అదీ సుగర్ పెంచుతుంది. పొగాకు మానాలి. మన పెద్దమ్మల అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం), ఇక్కడ పళ్లకు రుద్దే గుడాఖు కూడా పొగాకే.

డాక్టర్ని అడగాల్సినవి రెండున్నాయి. మాక్యులా వాపు ఉంటే, వేసుకునే సుగర్ బిళ్లల్లో పయోగ్లిటజోన్ ఉందేమో చూపించండి, కొందరిలో అది వాపు పెంచుతుంది. కొవ్వు తగ్గించే ఫెనోఫైబ్రేట్ కొందరిలో రెటీనా జబ్బు ముదరకుండా సాయపడుతుందని తేలింది, మీకు తగునో లేదో వాళ్లే చెప్పాలి.

ఇంజక్షన్, లేజరు, ఆపరేషన్

‘కంట్లో సూది’ అనగానే సగంమంది లేచి వెళ్లిపోతారు. జరిగేది ఇదీ. మత్తు చుక్కలు వేస్తారు, అయోడిన్ మందుతో శుభ్రం చేస్తారు, రెప్పలు మూసుకోకుండా క్లిప్ పెడతారు, తెల్లగుడ్డులోంచి సన్న సూదితో మందు ఎక్కిస్తారు. సూది లోపల ఉండేది కొన్ని సెకన్లే. పైకి చూడమన్నప్పుడు పైకి చూస్తే చాలు. బెవాసిజుమాబ్, రాణిబిజుమాబ్, ఆఫ్లిబెర్సెప్ట్ అనేవి ఇందులో వాడే ముఖ్యమైన మందులు, పైన చెప్పిన వీఈజీఎఫ్‌ను అడ్డుకుంటాయి. మొదటిది అసలు క్యాన్సర్ కోసం వచ్చిన మందు, కంటికి వాడినప్పుడు ఖర్చు బాగా తక్కువ. రెండోదానికి మన దేశంలోనే తయారైన బయోసిమిలర్, అంటే దాదాపు అలాగే పనిచేసే మందు, 2015 నుంచి దొరుకుతోంది. ఖరీదు ఎక్కువైతే చెప్పకుండా మానేయకండి. “తక్కువలో ఏది ఉంది డాక్టరుగారూ?” అని అడగండి. అడగడంలో నామోషీ లేదు.

ఒక్క ఇంజక్షన్‌తో అయిపోదు. మొదట నెలనెలా కొన్ని, ఆ తరవాత ఓసీటీ చూసి గడువు పెంచుతారు. మొదటి సూదికి చూపు కాస్త తేటపడితే “తగ్గిపోనాది” అని రెండోదానికి రారు. మూడు నెలల తరవాత వాపు మళ్లీ మొదటికొస్తుంది. గత మూడు నెలల్లో గుండెపోటు, పక్షవాతం వచ్చి ఉన్నా, గర్భం ఉన్నా ముందే చెప్పాలి.

ఇంజక్షన్ తరవాత తెల్లగుడ్డు మీద ఎర్ర మరక, ఒకటి రెండు రోజులు నల్ల బుడగలు తేలడం మామూలే. కన్ను నలపకండి, చెరువు నీళ్లూ సబ్బు నీళ్లూ కొన్నాళ్లు కంట్లో పడనివ్వకండి. రోజురోజుకూ నొప్పి పెరిగినా, ఎరుపు ముదిరినా, చూపు తగ్గినా లోపల ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అరుదే గానీ, వస్తే కన్ను తీసేస్తుంది. మందుల షాపులో చుక్కలు కొనుక్కోకుండా ఇంజక్షన్ చేసినచోటికి ఆ పూటే ఫోన్ చేసి బయలుదేరండి. ఆ నంబరు మీ ఫోన్‌లో కాదు, చదవగలిగే ఇంకొకరి ఫోన్‌లో ఉండాలి.

లేజరు ఎక్కువగా పీడీఆర్‌కు. రక్తం అందని పక్క భాగాలను వందల చుక్కలుగా కాల్చి, కొత్త నాళాలు ఎండిపోయేలా చేస్తారు. రెండు మూడు సిట్టింగులు పడుతుంది. పోయిన చూపు దీనివల్ల తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టడానికే. రాత్రి చూపు, పక్క చూపు కొంచెం తగ్గవచ్చు. ఇది ముందే చెప్పకపోతే “లేజరుతో కన్ను పాడుచేశారు” అంటారు. నెలనెలా సూదికి రాలేని దూరపు ఊరి మనిషికి పీడీఆర్ ఉంటే లేజరే నయమని నా అభిప్రాయం. చాలామంది డాక్టర్లూ ఆ మాటే అంటారు. ఇంజక్షన్లు మొదలుపెట్టి మధ్యలో మానేస్తే జబ్బు ఉన్నచోట ఉండదు.

మాక్యులా వాపుకు కంట్లో స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే కంటి ప్రెషర్ పెరగవచ్చు, శుక్లం రావచ్చు. చెప్పిన తారీఖుకు ప్రెషర్ చూపించుకోవాలి.

రక్తం నిండిపోయినా, రెటీనా లాగుకుపోయినా విట్రెక్టమీ, అంటే కంటి లోపలి జెల్లీని తీసేసే ఆపరేషన్. చివర్లో కొందరికి గ్యాస్, కొందరికి సిలికాన్ ఆయిల్ నింపుతారు. ఇక్కడ కొండమీది వాళ్లు జాగ్రత్తగా చదవాలి. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖలో కంట్లో గ్యాస్ పెట్టించుకుని, అదే వారం అరకు రైలెక్కి పైకి వెళ్తే, ఎత్తు పెరిగేకొద్దీ ఆ గ్యాస్ వ్యాకోచించి కంటి ప్రెషర్ ప్రమాదకరంగా పెరగవచ్చు. విమానం సంగతి సరేసరి. డాక్టరు పర్లాకిమిడి ఎక్కడో, కోరాపుట్ ఎక్కడో ఎరగకపోవచ్చు. మీరే అడగండి: “మాది ఘాట్ మీద ఊరు, గ్యాస్ పెట్టారా? ఎప్పుడు ఎక్కొచ్చు?” అది కరిగేదాకా కింద బంధువుల ఇంట్లో ఉండాల్సి రావచ్చు, ముందే ఏర్పాటు చేసుకోండి. ఈ సమయంలో ఇంకే ఆపరేషన్‌కైనా మత్తు ఇవ్వబోతే కంట్లో గ్యాస్ ఉందని చెప్పి తీరాలి. ఆయిల్ అయితే ఎత్తు ఇబ్బంది లేదు గానీ, సాధారణంగా కొన్ని నెలలకు దాన్ని తీయించుకోవాలి. తలకిందికి వంచి పడుకోమంటే చెప్పినన్ని రోజులూ అలాగే ఉండాలి.

ఎటు వెళ్లాలి, ఏ కార్డుతో

గంజాం వైపు వాళ్లకు బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. కోరాపుట్ వాళ్లకు అక్కడే శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి భువనేశ్వర్లోనూ విశాఖలోనూ పెద్ద క్యాంపస్‌లున్నాయి, రాయగడలో కంటి కేంద్రం ఉంది. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు పాతపట్నం, టెక్కలి మీదుగా విశాఖ పాసింజరు పట్టుకుంటారు. రాయగడ వాళ్లకు పార్వతీపురం, విజయనగరం దారి. ఏ ఆస్పత్రికైనా బయలుదేరేముందు ఫోన్ చేసి ‘కంటి డాక్టరు’ ఉన్నారా అని కాదు, ‘రెటీనా డాక్టరు’ ఆ రోజు ఉంటారా అని అడగండి.

ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిపి నడుస్తున్నాయి. ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలో ఆ పథకం కింద నమోదైన ఆస్పత్రుల్లో కూడా చెల్లుతుంది. ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవ మాత్రం ఆ రాష్ట్రం వాళ్లకే. ఏ ఆస్పత్రి, ఏ చికిత్స అందులోకి వస్తుందో కౌంటరులో ముందే కనుక్కోండి. మనవాళ్లకు అక్కడ వచ్చే తంటా పేర్లతో. ఆధార్‌లో ఒడియా పలుకుబడిలో ఒక స్పెల్లింగు, పాత చీటీలో తెలుగు ఇంటిపేరుతో ఇంకోటి. చికిత్స మొదలుకాకముందే సరిచేయించుకోవాలి.

ఒక ఫైలు పెట్టండి. మొదటి పేజీలో చేత్తో రాయండి: తారీఖు, కుడి కంటి చూపు, ఎడమ కంటి చూపు, ఓసీటీ అంకెలు, ఏ కంటికి ఏ సూది, బీపీ, సుగర్, మళ్లీ రావాల్సిన రోజు. డాక్టరు ఒడియా అయితేనేం, తెలుగు అయితేనేం, అంకెలు అందరికీ అర్థమవుతాయి.

సుగర్ లేకపోయినా

నెలలు నిండకుండా, 34 వారాలలోపు గానీ 2 కిలోల కన్నా తక్కువ బరువుతో గానీ పుట్టిన బిడ్డకు 30 రోజులలోపు రెటీనా చూపించాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే. ఆ నెల దాటిందంటే చేయగలిగింది తగ్గిపోతుంది. సికిల్ సెల్ ఉన్న పిల్లలకు పదేళ్లు వచ్చినప్పటి నుంచీ చుక్కలు వేసి చూసే పరీక్ష అవసరం. కీళ్ల నొప్పులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లు మొదట్లో ఒకసారి, అయిదేళ్ల తరవాత ఏటా చూపించుకోవాలి. దూరం అద్దాలు పెద్ద పవరున్నవాళ్లు పైన చెప్పిన మెరుపులను, నలుసులను తేలిగ్గా తీసుకోకూడదు, వాళ్లలో రెటీనా ఊడే ముప్పు ఎక్కువ.

చూపు పూర్తిగా రానప్పుడు

అన్నీ చేసినా కొందరికి మసక మిగులుతుంది. లో విజన్ క్లినిక్‌లో పెద్దదిగా చూపించే లెన్సులు, దీపంతో ఉన్న భూతద్దాలు ఇస్తారు. చూపు బాగా తగ్గితే వికలాంగ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయాలి. గడప మీద, మెట్ల అంచుల మీద పసుపురంగు పెయింటు గీత వేస్తే పడిపోవడం తగ్గుతుంది. తెల్ల గోడ దగ్గర తెల్ల స్టీలు గ్లాసు కనబడదు, రంగు గ్లాసు పెట్టండి.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇన్సులిన్. ఎర్ర మూత సిరంజి మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు, నారింజ మూతది 100 యూనిట్లుండే దానికి. చూపు మసకైనవాళ్లకు ఈ రెండు మూతలూ ఒకలాగే కనిపిస్తాయి, డోసు రెండున్నర రెట్లు తేడా వస్తుంది. ఇంట్లో రెండు రకాల సిరంజిలు ఉంచకండి. వీలైతే ఒక్కో యూనిట్‌కూ టిక్ మనే పెన్నుకు మార్చమని అడగండి. అప్పటిదాకా మనవరాలో కోడలో చూసి లాగి ఇవ్వాలి, ముసలాయన ఎంత “నాకు తెల్దేటి!” అన్నా సరే.